ఎల్లారావు తన ఫోన్ తాను తెరుచుకున్న వైనం

చేతికిచ్చేసిన వస్తువు ఇచ్చినవాడిదా, పుచ్చుకున్నవాడిదా? ఇంత వయసొచ్చినా నాకీ ముక్క తేలలేదు. ఆటోనగర్లో ఇనుము చెక్కే లేతు మిషను మీద పనిచేసే ఎల్లారావు మాత్రం తన మటుకు తాను తేల్చేసుకున్నాడు.

దసరాకి ఆయుధపూజ అయ్యాక, షెడ్డు యజమాని గవర్రాజు పనివాళ్లకి కొబ్బరిచిప్పతో పాటు తలా ఒక ఫోన్ పంచాడు. "ఇక మీదేర్రా, వాడుకోండి" అన్నాడు. మీదే అన్న ఫోన్‌లో ఒక యాప్ ఉంది. పొద్దున్న హాజరు వేస్తుంది. సాయంత్రం షెడ్డు మూసినా అది కన్ను మూయదు. మనిషి ఎక్కడున్నాడో గవర్రాజుకి చేరవేస్తూనే ఉంటుంది. ఫోన్ మొత్తం చెరిపేసి మళ్లీ మొదలుపెట్టినా గరికలా మొలుస్తుంది.

ఓ ఆదివారం ఎల్లారావు భార్యతో సింహాచలం మెట్లెక్కుతుంటే గవర్రాజు ఫోన్ చేశాడు.

"కొండమీదున్నావు గదా, దర్శనం అవగానే ఇటొచ్చెయ్. షాఫ్టు ఒకటి అర్జెంటు."

కొండకి వెళ్తున్నానని ఎల్లారావు అతనికి చెప్పలేదు. స్వామి ఎదుట నిలబడ్డా చెయ్యి జేబు మీదే ఉండిపోయింది, అక్కడేదో పురుగు పాకుతున్నట్టు.

మర్నాడు ఫిట్టర్ జోజిని పట్టుకున్నాడు. ఫోన్లు విప్పి చూడటం జోజికి సరదా.

"రూట్ సెయ్యాల బావా. కంపెనీవోడు తనకాడ దాసుకున్న తాళాలన్నీ మన సేతికొచ్చేత్తాయి. ఫోన్‌కి రికవరీ అని దొడ్డిగుమ్మం ఒకటుంటాది, ముందు ఆడిది తీసీసి మనది ఎక్కించాల. ఆ గుమ్మంలోంచి లోపలికెళ్తే ఏ యాప్‌నైనా పీకి పారెయ్యొచ్చు. కానీ గేరంటీ పోతాది. ఫోన్ సచ్చిపోయినా సచ్చిపోతాది. రాజుగారికి తెలిస్తే నీ పనీ పోతాది."

"పోతే పోనీ. నా జేబులో కూకుని ఇంకోడికి కబుర్లు సెప్పీ ఫోను నాకెందుకు?"

జోజి ఇంటినుంచి పాత లాప్‌టాప్ తెచ్చాడు. భోజనాల వేళ, తానే చేస్తానని ఎల్లారావు పట్టుబట్టాడు. ఫోన్‌కి కంపెనీ వేసిన తాళం తీశాడు, కొత్త రికవరీ ఎక్కించాడు. ఎక్కింది అనగానే వైరు లాగి ఫోన్ ఆన్ చేశాడు. తీరా రికవరీలోకి వెళ్లి చూస్తే పాత కంపెనీదే ఉంది. మళ్లీ ఎక్కించాడు, మళ్లీ ఆన్ చేశాడు, మళ్లీ పాతదే.

"ఎందుకు ఆన్ సేత్తన్నావ్ బావా?"

"ఖాళీగా ఓపాలి తిప్పి సూడద్దేటి?"

జోజికి నవ్వొచ్చి అన్నం పొలమారింది. కొత్త సామాను బిగిస్తే, జాబ్, అంటే చెక్కాల్సిన ఇనుము, పెట్టేముందు మిషను ఖాళీగా తిప్పి చూడటం లేతువాళ్ల ఆనవాయితీ.

"ఇదేటి లేతనుకున్నావేటి? నువ్వు తిప్పినప్పుడల్లా కంపెనీవోడు లేచి మనదాన్ని తుడిసీసి తనది పెట్టుకుంటన్నాడు. ఆడు లెగకముందే లోపలికి దూరిపోవాల. పవరూ సౌండూ బటన్లు కలిపి నొక్కు!"

ఇన్నేళ్ల అలవాటుని వేళ్లలోనే బిగబట్టి ఎల్లారావు నొక్కాడు. కొత్త రికవరీ తెరుచుకుంది. రూట్ ఫైలు ఎక్కింది. యాప్‌ని వేళ్లతో సహా పెరికేశాడు. ఇక ఎన్నిసార్లు ఆన్ చేసినా అది మొలవలేదు.

మర్నాడు గవర్రాజు ఫోన్ తెర మీద ఎల్లారావు లేడు. లేతు దగ్గర ఉన్నాడు.

"ఏటి ఎల్లారావూ, ఫోన్ సచ్చిందా?"

"ఇప్పుడే బతికిందండి. ఆ యాప్ పీకీసేను. పొద్దున్న నా మొకం సూసి ఆజరు ఎయ్యండి. గేటు దాటేక నానెక్కడుంటే మీకేటండి?"

"నానిచ్చిన ఫోనురా అది!"

"ఇచ్చీసేరు కదండి."

షెడ్డులో మిషన్లు ఒక్కొక్కటీ ఆగాయి. ఎవరో కిసుక్కున నవ్వి, దగ్గుతో కప్పుకున్నారు. గవర్రాజు మెడ నరాలు ఉబ్బాయి.

"యాప్ మళ్లీ ఎక్కించు. లేదంటే లేతు ముట్టుకోకు."

ఎల్లారావు అతనివైపు చూడలేదు. బిగించిన జాబ్ విప్పి బల్లమీద పెట్టాడు. ఇనుప రజను తుడిచి, లేతుకి నూనె రాశాడు. చేతులు కడుక్కుని, ఫోన్ చొక్కా జేబులో వేసుకున్నాడు.

"బావా..." అన్నాడు జోజి.

ఎల్లారావు క్యారేజీ సైకిలుకి తగిలించి, గేటు దాటి గాజువాకలో ఇంటివైపు తొక్కుకుంటూ పోయాడు.