తాత రాసిన ఝ

పోయిన ఆదివారం ఫోన్లో మీరిద్దురూ ఒకే మాట అడిగితిరి. "అవ్వా, తాత చేతిరాతతో మా పేర్లు పంపు, ఫ్రేం కట్టించుకుంటాం" అని. సరేలేప్పా అని ఫోను పెట్టేస్తి. పెట్టేసినాంక గానీ తెలీలా నేనేం ఒప్పుకున్నానో. అందుకే ఇదంతా ఫోన్లోకి చెప్పి పంపిస్తాండా. నిదానంగా ఇనండి, నాకు గట్టిగా మాట్లాడేది చేతకాదు.

మీ తాత ఉరవకొండలో బోర్డులు రాస్తాండె. అంగళ్ల బోర్డులు, బస్సు ముందర పెట్టే ఊర్ల పేర్లు, ఎలక్షన్లు వస్తే గోడలు. నిచ్చెనెక్కి, ఒక కన్ను మూసి, గీత కూడా గీసుకోకుండా రాస్తాండె. ఆయన రాసిన 'ల' చివర్న చిన్న వంపు ఉంటాది, నీళ్లు తాగను దోసిలి పట్టినట్ల. దాన్ని చూసే జనం అంటాండ్రి, ఇది ఆయప్ప రాత అని.

ఆ చేతులే ముందు బిగుసుకపోయె. మా పక్క బోర్లు లోతుకు పోయే కొద్దీ ఆ ఫ్లోరైడు నీళ్లు ఎముకలకు పట్టుకుంటాయి. కుంచె పట్టుకుంటే వేళ్లు మడిసేదానికి రావు. నిచ్చెన ఎక్కేది నిల్చిపోయినాంక, తొంభైల చివర్లో, బెంగుళూరు నుంచి ఎవురో వాడిన కంప్యూటర్ ఒకటి తెచ్చె. పెండ్లికార్డులు, శెనక్కాయల మండీలకు బిల్లుబుక్కులు కొట్టిచ్చేదానికి. అందరూ దాంట్లో దొరికే అక్షరాలే వాడుకుంటాండ్రి. మీ తాత ఒప్పుకోలా.

"ఇది అచ్చుమే, రాత కాదు" అనె.

తెల్లకాయితాల మీద నల్లసిరాతో ఒక్కో అక్షరం రాసి, అనంతపురం పోయి స్కానింగ్ చేయించి, మిషన్లోకి ఎక్కిస్తా వచ్చె. అచ్చులు, హల్లులు, గుణింతాలు, ఒత్తులు. చెయ్యి బాగుంటే దినానికి రెండు అక్షరాలు, లేకుంటే ఒకటి. రెండేండ్లు పట్టె.

"యాలప్పా ఇంత కష్టం?" అని నేనంటే, "చెయ్యి ఉన్నెప్పుడే దీంట్లో పెట్టేస్తాండా. రేపు నా చెయ్యి రాకున్నా ఇది రాస్తాది" అనె.

'ఝ' దగ్గర మూడు దినాలు కూర్చునె. రాసేది, చించేది, మళ్లా రాసేది. నాకు రేగిపోయె.

"ఆ అక్షరంతో ఈ ఊర్లో ఏ అంగడుండాది? ఏ మనిషుండాడు? ఇడ్సిపెట్టు."

"ఎవురో ఒకరు పుట్టకపోతారామే? అప్పుడు పేరు రాయల్లంటే నన్ను యాడ్నుంచి పిల్సకొస్తావు?"

ఆ మాటకు ఇద్దరం నవ్వితిమి. ఆ మనిషి నువ్వేనమ్మీ. కానీ నువ్వు పుట్టేకి ముందే ఆయన పోయె.

నేను కంపోజింగ్ అంతకుముందే నేర్చుకున్నా. నాకు ఇంగ్లీషు రాదు గదా. ఏ ఇంగ్లీషు మీట కింద ఏ తెలుగు అక్షరం ఉండాదో వేళ్లకు తెలుసు, అంతే. మీ తాత దినాల కార్డు కూడా నేనే కంపోజ్ చేసినా, ఆయన అక్షరాలతోనే. తన చావు సంగతి తనే రాసినట్ల ఉండె. మిగిలిన కార్డులు పొయ్యిలో పెట్టేస్తి. దినాల కార్డు ఎవురూ ఇంట్లో పెట్టుకోరు, చదివి చించేస్తారు.

ఆ తరువాత కొన్నేండ్లు ఆ అక్షరాలతోనే అంగడి నడిపినా. బయట ఆయన రాసిన బోర్డులు తీసి ఫ్లెక్సీలు కడ్తాండ్రి, గోడలకు సున్నం కొడ్తాండ్రి. నాకు బాధ అనిపీలా. లోపల మిషన్లో ఉండాడులే అనుకుంటి.

అప్పటికి మీయమ్మ బెంగుళూర్లో ఉద్యోగం చేస్తాండె. ఏం పనిమే అంటే చెప్పె. కంప్యూటర్ లోపల చిప్పు ఉంటాది, అది దాని మాట ఒక్కటే ఇంటాది. ఇప్పుడు ఆ చిప్పు తీసేసి వేరే జాతి చిప్పు పెడ్తాండారు. మిషన్ను నడిపించే సిస్టమ్ మొత్తం దీని మాటలోకి తిరగ రాయల్ల. పాత ప్రోగ్రాములకేమో మధ్యలో ఒక దుబాసి ఉంటాది. రాయదుర్గం సంతలో కన్నడం ఒకటే వచ్చిన ముసలామె పక్కన మనమొకరం నిలబడి చెప్తాంగదా, అట్ల. ఆ దుబాసి సరిగా చెప్తాందా లేదా అని, లోకంలో ఉండే ప్రోగ్రాములన్నీ ఒక్కొక్కటే తెరిచి చూసేది మీయమ్మ పని.

"మా, నీ మిషన్ ముసలిదైపోయింది, కొత్త చిప్పుది పంపిస్తా" అనె. అప్పటికే అది గంటకొకసారి నిల్చిపోతాండె. సరే అన్నా.

అనంతపురం నుంచి మెకానిక్ ఒకాయన కొత్త మిషన్ ఎత్తుకోనొచ్చె. పాతదాంట్లో ఉండేవన్నీ తన డిస్కులోకి ఎక్కించుకోని, కొత్తదాంట్లోకి దించె.

"చూస్కోమ్మా, వచ్చినాయా అన్నీ?" అనె.

రెండు మిషన్లూ పక్కపక్కన పెట్టుకోని కూర్చుంటి. ఇంగ్లీషు రాకపోయినా ఆకారం చూసి పోల్చుకుంటా, ఈడ ఒక పేరు, ఆడ ఒక పేరు, ఏలు పెట్టి సరిచూసినా. సగం పొద్దు పట్టె. ఒక్క పేరు కూడా తప్పలా. మీయమ్మ ఫోన్లో అడిగితే గొప్పగా చెప్పినా.

"అన్నీ వచ్చినాయిమే, నేనే చూసినా."

"అయితే పాతది ఇచ్చెయ్ మా, స్థలం యాలా దండగ."

అనంతపురంలో పాత మిషన్లు కొనే ఆయనకు ఇచ్చేస్తి. కొత్తది పెట్టేదానికి గది కడిగి, అటక మీద ఉన్న పాత కాయితాల కట్టలు, నమూనా కార్డులు పొట్లాలు కట్టుకోను బొరుగుల అంగడికి పంపిస్తి. మిషన్లో అంతా ఉండాది గదా అని.

మర్సనాడు ఒక పాత కార్డు తెరిస్తే అంతా ఇంగ్లీషు పిచ్చిరాత. వేరేవాళ్లయితే భయపడ్తాండ్రి. నేను చదివినా! ఈ మీట క, ఈ మీట ల అని, గడగడా చదివినా. మాటలన్నీ ఉండాయి, అక్షరాలు మాత్రం ముసుగేసుకున్నాయి, మీయమ్మ వచ్చి సరిచేస్తాదిలే అనుకుంటి.

మీయమ్మ రెండు వారాలకు వచ్చె. కూర్చోని చూసె. నేను ఏలు పెట్టి చూసిన పేర్ల పక్కన ఇంకో వరస ఉండాదంట, లోపల ఎంత సరుకుందో చెప్పేది. కార్డులకు అంకెలు ఉండాయి. మీ తాత అక్షరాల ఫైళ్లకు మాత్రం అన్నిట్లకూ సున్నా.

"సున్నా అంటే ఏమే?"

"పేరొచ్చింది మా. లోపల ఏమీ రాలా."

ఆ పాత మిషన్లో అక్షరాల ఫైళ్లు వేరే పద్ధతి అంట. మెకానిక్ డిస్కులోకి పోయినప్పుడు పేరు మాత్రం దాంట్లోకి వస్తాది, లోపలిది పాతదాంట్లోనే ఉండిపోతాది. మా టైపింగు ప్రోగ్రాం ఎంత పాతదంటే కొత్త చిప్పు మీద దుబాసికి కూడా దాని మాట తెలీదంట. "అది పోతే పోనీ మా. అక్షరాల ఫైలు ఒక్కటి ఉంటే నేనే మార్చుకుంటుంటిని" అనె.

ఆ దినమే అనంతపురం పోతిమి. పాత మిషన్ కొన్నాయన మంచోడే, దాచలా. డిస్కు తుడిచేసి ఎవురికో అమ్మేసినా అని చెప్పె. బొరుగుల అంగడికి పోతే కట్టలు ఎప్పుడో అయిపోయినాయి. మీ తాత నల్లసిరాతో రాసిన కాయితాలు అటక మీద ఆ కట్టల్లోనే పెట్టినాడని నాకు అప్పుడు గుర్తుకొచ్చె.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో మీయమ్మ కిటికీ పక్క మొకం తిప్పుకోని, "లోకంలో వాళ్లవన్నీ తెరిచి తెరిచి చూస్తి మా. నాయనది ఒక్కటి తెరిచి చూడలేదు" అనె. తప్పు నీది కాదుమే అని చెప్పల్ల అనుకుంటి. ఆ సున్నాల వరస నా కండ్ల ముందరే ఉండె గదా.

కొత్త మిషన్లో వేరే అక్షరాలు పెట్టిచ్చె. బాగుండాయి. కార్డులన్నీ మళ్లీ టైపు చేస్తి. మాటలు ఒక్కటి కూడా పోలా.

మీరు అడిగినాంక ఈ వారమంతా తిరిగినా. అప్పట్లో కార్డులు కొట్టిచ్చుకున్న ఇండ్లకు పోయి అడిగితే, "ఇన్నేండ్ల కిందటి పెండ్లికార్డు ఇప్పుడు యాలవ్వా, మళ్లా చేయల్లనా పెండ్లి?" అని నవ్విరి. కడాకు బత్తలపల్లెలో ఒకామె దేవుని పటం వెనక నుంచి తీసిచ్చె. అంచులు పసుపు పట్టి ఉండాది. 'ల' చూస్తానే గుర్తుపట్టినా, అదే దోసిలి.

పెద్దోడా, నీ పేరు మొత్తం ఆ కార్డులో దొరికె. ఆ అక్షరాల మీద పల్చటి కాయితం పెట్టి దిద్దినా. అమ్మీ, నీ పేర్లో మిగతావన్నీ దొరికినాయి. మొదటిది లేదు. పెండ్లికార్డులో 'ఝ' ఎవురికి కావల్ల?

నేనే రాసినా. మూడు దినాలు కూర్చున్నా, ఆయన మాదిరే చించి చించి రాసినా. కింద తోక వచ్చింది, పైన ఆ తిరుగుడు రాలా. పోస్టులో పంపిస్తాండా. మిగతాది మీ తాత రాత, మొదటి అక్షరం మాత్రం నాది. ఎవురన్నా అడిగితే అట్లే చెప్పు తల్లీ.