రెండు వేళ్ళ లూజు

పెనుకొండ బస్టాండు ఎదుటి సందులో టైలర్ ఉలిగప్ప కుట్టిన చొక్కా చంకలో బిగవదు, పొట్ట మీద బొత్తాం తెగదు. ఎవరి ఎద కొలిచినా చొక్కా మీదనే టేపు చుట్టి, దాని కింద రెండు వేళ్ళు దూర్చి కొలుస్తాడు. "అన్నం తిన్నంక గూడా పట్టల్ల గదప్పా" అంటాడు. ఆ లూజే ఆయన పేరు, ఆయన కూడు. ఇస్కూలు యూనిఫారాలన్నీ ఆ పేరు మీదే వస్తాయి.

ఆయన ప్రాణమంతా కొడుకు కిషోర్ మీద. కిషోర్ ప్రాణమంతా కస్టమ్స్ ఇన్‌స్పెక్టర్ ఉద్యోగం మీద.

ఆ ఉద్యోగానికి ఏమేం కావాలో వింటే ఒళ్ళు మండుతుంది. డిగ్రీ కావాలి. సరే, ఉంది. దేశమంతా లక్షల మంది రాసే పరీక్షలో పై వరసలో రావాలి. మూడుసార్లు బోర్లా పడి, చివరికి వచ్చాడు. వయసు దాటకూడదు. సడలింపులన్నీ కలుపుకున్నా వాడికి అదే ఆఖరు సారి. ఇంత చదివినోడిని మళ్ళీ సంతలో ఎద్దును చూసినట్టు చూస్తారు. ఎత్తు చాలాలి. గడువులోగా మైలు నడవాలి, ఎనిమిది కిలోమీటర్లు సైకిల్ తొక్కాలి. గాలి నిండా పీలిస్తే ఎద ఎనభై ఒక్క సెంటీమీటర్లు రావాలి. దొంగ బంగారం పట్టేవాడికి ఎద కొలత ఎందుకో ఆ రూలు రాసినోడికే తెలియాలి.

నడకకూ సైకిలుకూ భయం లేదు. భయమల్లా ఎద గురించే. ఏండ్ల తరబడి పుస్తకం ముందు వంగి కూర్చుని వాడు పుల్ల మాదిరి అయిపోయాడు.

"ఆస్పత్రికి పోయి ఒకసారి కొలిపిచ్చుకోరా" అన్నాడు స్నేహితుడు నరేష్, అంగట్లో కూర్చుని.

మిషను మీద నుంచే ఉలిగప్ప గయ్యిమన్నాడు. "ఏమబ్బా నరేషూ, ఇన్నేండ్లు టేపు మెడలో ఏసుకోని గాడిదలు కాసినానా? నా కొడుకు ఎద కొల్సేకి ఇంగొకడు కావాల్నా?"

"అది గాదు మామా..."

"ఊరుకోప్పా. రారా కిషోరూ, పీల్చు."

కిషోర్ చేతులెత్తి గాలి పీల్చాడు. ఉలిగప్ప టేపు చుట్టి, సెంటీమీటర్ల వైపు తిప్పి చూశాడు. "ఎనభై రెండు! ఒకటి మిగిలే ఉండాది."

ప్యాంటు పొట్టి చేయించుకోడానికి వచ్చిన పోతులయ్య నవ్వాడు. "ఏమప్పా, నీ కొడుకు బంగారు పట్టినప్పుడు మాకొక బిస్కెట్ ఇప్పీ."

"టీలో అద్దుకునేది ఇప్పిస్తా పో. వాని కస్టమ్స్ తెల్ల డ్రస్సు మాత్రం నేనే కుట్టల్ల."

ఆ తర్వాత ఎప్పుడు కొలిచినా అంతే వచ్చింది. తండ్రి మాట మీద నమ్మకంతో కిషోర్ ఎద పెరగడానికి పొద్దున్నే కొట్టే దండీలు మానేసి, సోమందేపల్లి రోడ్డు మీద సైకిలే తొక్కాడు.

ఒళ్ళు కొలిచే పరీక్షకని హైదరాబాదు పోయినవాడు రైలు దిగి నేరుగా అంగడికే వచ్చాడు. చొక్కా విప్పాడు. బనియను కూడా విప్పాడు.

"కొలువు నాయనా."

"ఏమైందిరా?"

"ముందు కొలువు."

ఉలిగప్ప టేపు చుట్టాడు. చేయి తన అలవాటున తాను టేపు కిందికి వేళ్ళు దూర్చింది. కిషోర్ ఆ వేళ్ళు పట్టుకుని బయటికి లాగాడు. టేపు చర్మానికి అంటుకుంది. కొడుకు డొక్కలు చేతికి తగిలాయి. వాడు కళ్ళు ఎర్రబడేదాకా పీల్చాడు.

డెబ్బై తొమ్మిది.

"ఆడ గూడా ఇదే వచ్చె. రెండుసార్లు కొలిచినారు. ఇంగ పొమ్మన్నారు."

ఉలిగప్ప మిషను పట్టుకుని నిలబడ్డాడు. "మళ్ళా రాయిరా..."

"వయసు యాడుండాది నాయనా? ఈ మాట ఆర్నెల్ల ముందు తెలిసింటే ఇంత తినింటి, దండీలు కొట్టింటి."

"నేనే పోయి ఆ సార్లతో మాట్లాడతా. తప్పు నాదని చెప్తా."

"నీ తప్పని చెప్తే నా ఎద పెరుగుతాదా?"

వాడు అరవలేదు. అరిచినా బాగుండేది.

ఇప్పుడు ఉలిగప్ప మనిషిని కొలవడు. "ఆది చొక్కా ఉంటే తెచ్చియ్యప్పా, దాన్ని చూసి కుడతా" అంటాడు. తెచ్చేవాళ్ళు తెస్తారు, తక్కినవాళ్ళు పక్క సందుకి పోతారు. ఇంట్లో భార్య వెంకటమ్మ అన్నం పెట్టేటప్పుడు కూడా తండ్రీ కొడుకూ ఎదురెదురుగా కూర్చోరు.

కిషోర్ హిందూపురం దగ్గర ఒక ఫ్యాక్టరీలో గేటు కాడ లారీల లెక్క రాస్తున్నాడు. మొదటి జీతంతో రెడీమేడ్ చొక్కా కొనుక్కుని వచ్చాడు. భుజాలు జారిపోతున్నాయి, చేతులు వేళ్ళను మింగేస్తున్నాయి. ఉలిగప్ప వాకిట్లో నిలబడి చూశాడు. విప్పియ్యి, సరి చేస్తా అనడానికి ఆయనకు నోరు రాలేదు.