పడుగు లాగినట్టు లాగాను

కడపలో డాక్టరు నా భార్య నడుము స్కాన్ ఫొటోను వెలుతురుకు పట్టుకుని చూశాడు. డిస్కు కొంచెం జరిగిందన్నాడు. ఇప్పుడు జాగ్రత్తపడితే మందులతో, తేలికపాటి కసరత్తుతో పోతుందని, లేకుంటే కాలికి దిగుతుందని, అప్పుడు కోయక తప్పదని చెప్పాడు.

"మీ ఊర్లో యోగా నేర్పుతాండారంట గదమ్మా, పోయి నేర్చుకో. బలవంతంగా మాత్రం వంగద్దు."

బలవంతంగా వంగద్దన్న మాట నేనూ విన్నాను. ఆమె పక్కనే కూర్చుని ఉన్నాను.

మాది నేతగాళ్ల ఊరు. కమలాపురం మీదుగా కడపకు పోయే బస్సులో మా వీధి వాళ్లు చీరల మూటలతో ఎక్కుతారు. మా ఇంట్లో మగ్గం మీద కూర్చునేది నేను. కండెలు చుట్టేది, నూలు తడిపేది, మగ్గానికి నిలువుగా బిగించే పాత పడుగు చివరకు కొత్త పడుగు పోగులు ఒక్కొక్కటే అతికేది ఆమె. అతుకు పనంటే వేల పోగులు, రెండు మూడు రోజులు, తల ఎత్తకుండా. ఇరవై ఆరేళ్లు ఆ పని చేయించుకున్నాను. ఆమె నడుము పట్టుకుని లేచినప్పుడల్లా టీ తెమ్మని అడిగాను. ఇది గొప్పకు చెప్పుకునే మాట కాదు, జరిగింది చెప్తున్నాను.

"నీ మోకాళ్లు గూడా పట్టేస్తాండాయి గదా, ఇద్దరం పోదాం పా" అంది ఆమె. అట్లా నేను కూడా యోగాలో చేరాను.

హైస్కూలు వరండాలో పొద్దున ఐదున్నరకు సర్కారు వాళ్ల క్లాసు. పదిపన్నెండు మంది ఆడవాళ్లు, రిటైరైన వాళ్లు ఇద్దరు, నేను. టీచరమ్మది కర్నూలు దిక్కు, ఓర్వకల్లు దగ్గర పల్లె. ముప్పై ఏళ్లుంటాయేమో. మొదటి రోజు కాళ్లు చాపి కూర్చుని వేళ్లు అందుకోమంది. నా చేతులు మోకాళ్ల దగ్గరే ఆగిపోయాయి. తొడల వెనక నరాలు మంటెత్తాయి. వెనక వరసలో ఒకామె గట్టిగానే అంది: "మగ్గం గుంటలోంచి మనిషిని పీకినారు గానీ, వంగేది ఆ గుంటలోనే ఇడ్సిపెట్టినాడు సూడండే!" అందరూ నవ్వారు. నా భార్య కూడా నవ్వింది.

"ఆడికే చాలన్నా" అంది టీచరమ్మ. "లాగద్దు. యాడికొస్తే ఆడ ఆగి ఊపిరి ఇడ్సు."

నాకు ఆ నవ్వు మనసులో ఉండిపోయింది. ఇంట్లో పొద్దున, మధ్యాహ్నం కూడా వంగాను. మూడు వారాలకు బొటనవేళ్లు అందాయి. ఆ రోజు వరండాలో చుట్టూ చూశాను, ఎవరైనా గమనించారేమోనని. నా భార్య పిక్కల దగ్గర చేతులు పెట్టి, కళ్లు మూసుకుని, మొదటి రోజు ఎక్కడ ఆగిందో అక్కడే ఆగి ఉంది. నేను దాన్ని సోమరితనం అనుకున్నాను. నొప్పి నడుముది కాదు, మనసుదేమో అని కూడా అనుకున్నాను.

ఇక్కడ మా పని గురించి ఒక మాట చెప్పాలి. పడుగుకు గంజి పెట్టేటప్పుడు వీధి పొడవునా పోగులు చాపి, చివర మోకుకు కట్టి లాగుతాం. కాళ్లు నేలకు తన్నిపెట్టి ఒళ్లంతా వెనక్కి వాల్చి లాగాలి. వదులుగా ఉన్న పడుగు మీద బట్ట కుదురుగా రాదు. ఇక రాదు అనిపించాక కూడా ఇంకో బెత్తెడు వస్తుంది. ఆ చివరి బెత్తెడు లాగడం వచ్చినవాణ్ణే మాలో పనివాడంటారు. నేను మంచి పనివాణ్ణి. ఒకటో రెండో పోగులు తెగితే ముడివేసుకుంటాం, అంతే.

ఒక ఆదివారం టీచరమ్మ ఊరికి పోయింది. ఇంట్లోనే చేద్దామని దుప్పటి పరిచాను. ఆమె కాళ్లు చాపి వంగింది. నేను లేచి ఎదురుగా నిలబడ్డాను.

"ఇంగా వంగు."

"ఇంతే వస్తాంది."

"రాక కాదు, నువ్వు రానీవు. మూడు వారాలాయ. నేను చూడు, ఏళ్లు పట్టుకుంటాండా."

"నీ మాదిరి నేనేమన్నా పందెం కట్టినానా?"

నేను ఆమెకు ఎదురుగా కూర్చున్నాను. నా అరికాళ్లు ఆమె అరికాళ్లకు ఆనించి రెండు మణికట్లూ పట్టుకున్నాను. "ఏమయ్యా ఇది, పిల్లోళ్ల ఆట మాదిరి" అని ఆమె నవ్వింది. నేను వెనక్కి వాలాను. ఆమె ముందుకు వచ్చింది. ఇంకొంచెం వాలాను.

"చాలు" అంది.

చేతుల్లో ఆ బిగువు నాకు తెలిసిన బిగువే. అందుకే వదల్లేదు.

"చాలయ్యా. ఇడ్సు."

ఆ చివరి బెత్తెడు కోసం ఒళ్లంతా వెనక్కి వేశాను.

ఆమె అరవలేదు. నోట్లోంచి గాలి ఒక్కసారిగా బయటికి పోయింది. చేతులు వదిలేశాను. ఆమె అట్లాగే వంగి ఉండిపోయింది. నేల వైపు చూస్తూనే, "కుడికాలు నాది గాదన్నట్టుండాది" అంది.

మా బామ్మర్ది రెండు వీధుల అవతల ఉంటాడు, ఆటో నడుపుతాడు. ఫోన్ చేస్తే వెంటనే వచ్చాడు. ఇద్దరం కలిసి ఆమెను దుప్పటితో ఎత్తి వెనక సీట్లో పడుకోబెట్టాం.

"ఎట్లయింది కా?" అని అక్కను అడిగాడు.

ఆమె నోరు తెరిచేలోపు నేనే చెప్పాను: "ఆసనం వేస్తాంటే పట్టేసింది. నిదానంగా చెయ్‌మే అంటే ఇంటేనా? ఎక్కువ వంగింది."

ఆమె నా వైపు చూసింది. కోపంగా కాదు. నేను చెప్పిన మాట తనకు సరిగ్గానే వినపడిందా అన్నట్టు చూసింది. ఆ తర్వాత కళ్లు మూసుకుంది.

కడప చేరేదాకా మా బామ్మర్ది తిడుతూనే ఉన్నాడు. గతుకు వచ్చినప్పుడల్లా ఆటో మెల్లగా పోనిచ్చి, దాటగానే మళ్లీ అందుకునేవాడు. "నేసుకునేటోళ్లకు యోగాలేంది బావా? ఆ టీచరమ్మకు ఏం తెల్సని నేర్పుతాంది? నడుము బాగలేని మనిషిని ఇంత వంచుతాదా? రానీ, అడుగుతా." నేను రోడ్డు వైపు చూస్తూ ఊకొట్టాను. నా అబద్ధం అప్పుడే ఇంకో మనిషి మీదికి పోయిందని తెలుసు. తెలిసి కూడా ఊకొట్టాను.

డాక్టరు ఆమె కుడి బొటనవేలు మీద తన వేలు పెట్టి, పైకి లేపమన్నాడు. లేచింది గానీ, అతను నొక్కగానే పడిపోయింది.

"ఎట్లయింది? తనే వంగిందా, ఎవరన్నా నెట్టడం, లాగడం చేసినారా?"

అదొక మామూలు ప్రశ్న. జవాబు ఆ గదిలో ఇద్దరికి తెలుసు.

"తనే వంగింది సార్."

"తనంతట తను వంగితే నొప్పి పుట్టగానే మనిషి ఆగుతాడు. కండరం పట్టేసి ఉండచ్చు. సూది వేస్తా, ఈ రాత్రికి ఈడ్నే ఉండండి, రేపు పొద్దున చూద్దాం. వేలు ఇంకా బలం తగ్గినా, ఒంటేలుకు పోలేకపోయినా వెంటనే చెప్పాల."

ఆ రోజంతా నేను ఆ వేలు చూస్తూ కూర్చున్నాను. నర్సు వచ్చిపోయిన ప్రతిసారీ "ఏమ్మే, ఏలు లేపు" అనేవాణ్ణి. ఆమె లేపేది. మధ్యాహ్నం గోరు ఎత్తు లేచింది. సాయంత్రానికి కదిలిందో, నాకే కదిలినట్టు కనిపించిందో తెలియలేదు. నర్సుకు చెప్పాను, ఆమె డాక్టరుకు ఫోన్ చేసింది, పొద్దున్నే వస్తానన్నాడట. లాగిన సంగతి మాత్రం నర్సుకూ చెప్పలేదు. ఎవరూ లేనప్పుడైనా నా భార్య నన్ను నిలదీస్తుందనుకున్నాను. ఆమె మంచినీళ్లు అడిగింది, అంతే.

మరుసటి రోజు పొద్దున, ఎవరో ఫోన్లో సంగతి చెబితే, టీచరమ్మ వచ్చింది. కర్నూలు నుంచి నేరుగా బస్సులో వచ్చిందట, భుజాన సంచి అట్లాగే ఉంది. మంచం దగ్గర నిలబడి, "లాగద్దని చెప్తినే అక్కా" అంది. మా బామ్మర్ది అందుకున్నాడు.

"చెప్తే సరిపోతాదా? మా అక్క కాలు పోతే నువ్విస్తావా? ఊర్లో రేపట్నుంచి నీ కాడికి ఎవురొస్తారో నేనూ చూస్తా. మీ పైవాళ్లకు రాపిస్తా, నీ ఉద్యోగం ఉంటాదో ఊడుతాదో చూసుకో."

"తిట్టు అన్నా, పడతా. నా దగ్గరికి వచ్చిన మనిషే గదా" అంది ఆమె.

అప్పుడే డాక్టరు వచ్చాడు. దుప్పటి తొలగించి వేలు లేపమన్నాడు. నా భార్య పళ్లు బిగించింది. పిక్క కదిలింది, మోకాలు కదిలింది. వేలు కదల్లేదు.

"నేను లాగినా సార్" అన్నాను.

ఎవరికీ అర్థం కాలేదు. మళ్లీ చెప్పాల్సి వచ్చింది. రెండోసారి చెప్పడం మొదటిదానికన్నా కష్టమైంది. కాళ్లకు కాళ్లు తన్నిపెట్టి, రెండు చేతులూ పట్టుకుని పడుగు లాగినట్టు లాగానని, ఒళ్లు బరువంతా వేశానని, ఆమె తనంతట తను వంగలేదని, టీచరమ్మ ఆ రోజు ఊళ్లోనే లేదని చెప్పాను.

డాక్టరు నన్ను తిట్టలేదు. "నిన్ననే చెప్పింటే నిన్ననే స్కాన్ తీపిచ్చేవాణ్ణి గదప్పా" అని, నర్సును పిలిచి చీటీ రాశాడు. మా బామ్మర్ది నా మీదికి వస్తాడనుకుని నిలబడ్డాను. అతను టీచరమ్మ ముందుకు పోయి, ఆమె భుజం మీది సంచి తీసి కుర్చీలో పెట్టి బయటికి పోయాడు. ఆ తర్వాత మూడు నెలలు నాతో మాట్లాడలేదు.

డిస్కు ముక్క ఊడి నరం మీద కూర్చుందని స్కాన్‌లో తేలింది. ఆ రోజే కోశారు. ఒక రోజు ముందు కోసి ఉంటే వేలు పూర్తిగా వచ్చేదా అని తర్వాత అడిగాను. చెప్పలేమన్నాడు డాక్టరు. వచ్చేదని అన్నా, రాదని అన్నా నాకు ఒక దారి దొరికేది.

ఇంటికి వచ్చాక తెలిసింది, హైస్కూలు వరండాకు ఇప్పుడు ముగ్గురే వస్తున్నారని. మా బామ్మర్ది ఆ మొదటి రోజే ఫోన్లో నలుగురికి చెప్పాడు, నలుగురు నలభై మందికి చెప్పారు. ఒక పొద్దున వీధిలో పడుగు చాపిన చోటికి పోయి, అందరూ ఉండగా జరిగింది చెప్పాను. గంజి కుంచెలు ఆగాయి. నన్ను చూసి మొదటి రోజు నవ్వినామె కూడా అక్కడే ఉంది.

"ఏమప్పా, పోగు తెగితే ముడేసుకుంటావు. మనిషికి యాడ ఏస్తావు ముడి?" అంది.

ఈసారి ఎవరూ నవ్వలేదు. వారం తర్వాత వరండాకు మళ్లీ ఏడెనిమిది మంది వచ్చారని విన్నాను.

మూడో నెలలో డాక్టరు ఆమె నేల మీద కూర్చోవచ్చన్నాడు. గోడకు ఆనుకుని కాళ్లు చాపి కూర్చుంది. కుడి బొటనవేలు సగం లేచి ఆగింది. నేను కాస్త దూరంగా కూర్చుని, ఇన్నాళ్లూ నోట్లో ఉంచుకున్న మాట అన్నాను, తప్పు చేశానని. ఆమె వేలు వైపే చూస్తూ అడిగింది:

"చాలంటి గదా నేను. నీకు ఇనపడిందా, ల్యాదా?"

వినపడలేదని చెప్పవచ్చు. పని ధ్యాసలో ఉన్నానని, చేతుల అలవాటు అట్లాంటిదని చెప్పవచ్చు. ఆ మాటలన్నీ నాలుక మీద సిద్ధంగా ఉన్నాయి.

"ఇనపడింది" అన్నాను. "రెండుసార్లూ ఇనపడింది."

ఆమె తల ఊపింది. "ల్యాదంటావేమో అనుకుంటి" అంది. తర్వాత లేవడానికి అరచెయ్యి నేలకు ఆనించింది. నేను ముందుకు వంగి ఆగాను.

"పట్టుకునేదా?"

ఆమె ఆలోచించింది.

"వద్దు."

గోడ పట్టుకుని, ఎడమ మోకాలు మీద బరువు వేసి, మెల్లమెల్లగా లేచింది. చాలాసేపు పట్టింది. నేనూ లేచి, చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాను.