బాలమ్మకు రక్తం తీసింది పొద్దున ఎనిమిదింటికి

1994లో నేను చిక్కడపల్లిలో, లైబ్రరీ వెనక సందులో ఉన్న ఒక ల్యాబ్‌లో టెక్నీషియన్‌ని. కార్టిసాల్ టెస్ట్ రాసే డాక్టర్లు అప్పట్లో తక్కువ. ఒంటి మీద ఒత్తిడి పడినప్పుడు తట్టుకునే శక్తినిచ్చే హార్మోన్ అది. రక్తంలో పొద్దున ఎక్కువ ఉంటుంది, సాయంత్రానికి బాగా తగ్గుతుంది. అందుకే శాంపిల్ తీసిన వేళ తెలియకపోతే, వచ్చిన అంకెకు అర్థమే లేదు.

బాలమ్మ అశోక్‌నగర్‌లో బిల్డింగ్ పని చేసే పాలమూరు కూలీ. ఇటుకలు మోస్తూ రెండుసార్లు కళ్లు తిరిగి పడింది. చిగుళ్లు, అరచేతి గీతలు నల్లబడ్డాయి. నారాయణగూడలో ఆమెను చూసిన డాక్టర్ ఈ టెస్ట్ రాసి పంపాడు. పొద్దున ఎనిమిదింటికి నేనే రక్తం తీసి రిజిస్టర్‌లో వేళ రాశాను.

పది రోజులకు ఆమె భర్త ఎల్లయ్య ఆమెను ఆటోలో మా ల్యాబ్‌కే తెచ్చాడు. ఒకటే వాంతులు, కళ్లు తెరవడం లేదు.

"మీ కాయితం జూసి నారాయణగూడ డాక్టరు ఏం లేదన్నడక్కా. నాటకాలు బంద్ చేసి పనికి పొమ్మన్నడు."

రిపోర్ట్ చూశాను. కార్టిసాల్ మూడు. పొద్దున తీసిన రక్తంలో అయితే అది ప్రాణం మీదికి వచ్చేంత తక్కువ. కింద 'సాయంత్రం నాలుగు, నార్మల్' అని ఉంది. రిజిస్టర్ తీస్తే నేను రాసిన ఎనిమిది మీద ఎర్ర సిరా గీత, పక్కన నాలుగు. నాకు ఒళ్లు మండిపోయింది.

ల్యాబ్ ఓనర్ డాక్టర్‌గారి ముందు రిజిస్టర్ పెట్టాను. "ఎవరు కొట్టేశారు సార్?"

"నేనే. పొద్దున మూడు ఉంటే మనిషి నడుచుకుంట వస్తదా? నువ్వే టైం తప్పు రాసినవనుకున్న."

"నన్ను అడగాలె గద సార్? పక్క రూంలనే ఉన్న."

"చిన్న విషయానికి గంత లొల్లెందుకు?"

గుమ్మంలో మనిషి పడి ఉంటే చిన్న విషయం! తెల్లకాగితం మీద అసలు వేళ, అంకె రాసి, సంతకం చేసి, వాళ్లతో అదే ఆటోలో పెద్దాసుపత్రికి వెళ్లాను. డ్యూటీ డాక్టరమ్మ కాగితం చదివి, అరచేతులు చూసి, వెంటనే సెలైన్, స్టెరాయిడ్ ఇంజెక్షన్ మొదలుపెట్టింది. కార్టిసాల్ తయారుచేసే అడ్రినల్ గ్రంథులు పాడయ్యాయట. మర్నాటికి బాలమ్మ లేచి కూర్చుంది.

"నాది నాటకం గాదని ఆ డాక్టరుకు జెప్పుతవా అక్కా?" అదే ఆమె మొదటి మాట.

నారాయణగూడ వెళ్లి చెప్పాను. ఆయన తల ఎత్తకుండా, "రిపోర్ట్ మీదే కదా," అన్నాడు.

ఆ నెలే ఉద్యోగం మానేశాను. తర్వాత ఏ ల్యాబ్‌లో చేసినా, నమ్మలేని అంకె వస్తే రిజిస్టర్ దిద్దలేదు, మనిషిని మళ్లీ పిలిపించాను. ఆ ఎర్ర గీత మీద కోపం మాత్రం ఇప్పటికీ చల్లారలేదు.