తండ్రి రాయలేకపోయిన వాక్యం

1983 ఆగస్టులో నేను అమెరికాలోని ఒక స్టేట్ యూనివర్సిటీలో, రిజిస్ట్రార్ ఆఫీసులో రెసిడెన్సీ ఆఫీసర్‌ని. హోదా గొప్పగా వినిపిస్తుంది గానీ పని ఒక్కటే. ఏ విద్యార్థి మా రాష్ట్రం మనిషో, ఎవరు కాదో తేల్చడం. బయటి రాష్ట్రం వాళ్ళకు ఫీజు రెట్టింపు పైనే కాబట్టి నా టేబుల్ దగ్గరకు నవ్వుతూ వచ్చేవాళ్ళు తక్కువ. ఈవిడకు రూల్స్ పిచ్చి అని ఆఫీసంతా అనుకునేవారు. ఆ పిచ్చి నాకు నిజంగానే ఉండేది.

ఆ నెలలో సుధ అనే అమ్మాయి దరఖాస్తు వచ్చింది. వాళ్ళది మిషిగన్‌లోని ట్రాయ్‌లో ఉండే తెలుగు కుటుంబం, తండ్రి కార్ల కంపెనీలో ఇంజనీరు. సుధ మెరిట్ స్కాలర్‌షిప్ మీద మా దగ్గర చేరింది. దాంతో బయటివాళ్ళ మీద పడే అదనపు ఫీజు మాఫీ అవుతుంది, మార్కుల సగటు తగ్గనంత కాలం. రెండో ఏడు ఆర్గానిక్ కెమిస్ట్రీ దెబ్బ కొట్టింది. సగటు వెంట్రుకవాసిలో తప్పింది, మాఫీ పోయింది. ఇక మిగిలిన దారి నా టేబులే. ఏడాదిపాటు తల్లిదండ్రుల మీద ఆధారపడకుండా, సొంత సంపాదనతో మా రాష్ట్రంలోనే బతికినట్టు రుజువు చేసుకుంటే స్థానికుల ఫీజు సరిపోతుంది.

రుజువులన్నీ పద్ధతిగా జతచేసింది. కెఫెటీరియా జీతం స్లిప్పులు, లైబ్రరీ జీతం స్లిప్పులు, అద్దె ఒప్పందం, డ్రైవింగ్ లైసెన్స్, అన్నీ ఉన్నాయి. తల్లిదండ్రుల నుంచి కూడా ఒక ఉత్తరం అడిగేవాళ్ళం. అది తండ్రి నేరుగా ఆఫీసుకే పంపాడు. చక్కగా టైపు చేసిన ఉత్తరం. మా అమ్మాయి తిండి, బట్ట, చదువు అన్నీ నేనే చూసుకుంటున్నాను, దేవుడి దయవల్ల ఆమె పనిచేయాల్సిన అవసరం మాకు లేదు అని దాని సారాంశం.

ఆ ఒక్క ఉత్తరంతో ఫైలు చచ్చిపోయింది. రూలు ప్రకారం తిరస్కరించాను. ఆ అక్షరాల వెనక ఏముందో ఒక తెలుగుదాన్నై ఉండి కూడా నాకు తట్టలేదు. ఇప్పటికీ సిగ్గుగానే ఉంటుంది.

రెండు రోజులకు సుధ వచ్చింది. ఫీజు గడువు ఇంకా పది రోజులే ఉంది. ఉత్తరం చూపిస్తే చదివింది.

“నాన్న ఇలా రాశారని నాకు తెలీదు ఆంటీ,” అంది. “ఆయనకి లే ఆఫ్ అయి టూ ఇయర్స్ అయింది. బయట ఎవరికీ చెప్పొద్దు అంటారు. ఇన్‌స్టేట్ ఫీజు రాకపోతే నేను డ్రాప్ అవుట్ అవ్వాలి.”

డెట్రాయిట్ చుట్టుపక్కల కార్ల కంపెనీలు మనుషుల్ని తీసేస్తున్న కాలం అది. అప్పీలుకు రాసిమ్మన్నాను. మా డైరెక్టర్‌కు సంగతంతా చెప్పి, వీళ్ళు మా భాషవాళ్ళు గనక అప్పీళ్ళు తేల్చే కమిటీలో నేను ఓటు వేయనన్నాను. వివరణ కోసం తండ్రికి ఫోన్ చేయడానికి మాత్రం ఆయన అనుమతి ఇచ్చాడు.

ఫోన్‌లో పలకరింపులయ్యాక సుధ తండ్రి గొంతు తగ్గించి అడిగాడు. “మా అమ్మాయి ప్లేట్లు కడుక్కుంటూ చదువుకుంటోందని నా చేత్తో సంతకం పెట్టి ఇవ్వమంటారామ్మా?”

ఏం రాయాలో ఆఫీసరు చెప్పకూడదు. అదే చెప్పాను. ఆయన ఫోన్ పెట్టేస్తాడేమోనని భయమేసి, అప్పుడు తోచిన ప్రశ్న ఒకటి అడిగాను.

“పోయిన ఏడాది టాక్స్ ఫైల్ చేసినప్పుడు అమ్మాయిని డిపెండెంట్‌గా చూపించారాండీ?”

“లేదమ్మా. గవర్నమెంట్‌కి అబద్ధం ఎలా చెప్తాం?”

నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. యూనివర్సిటీ కూడా గవర్నమెంటుదేనని ఆ పెద్దమనిషికి గుర్తు చేయలేదు. “అయితే ఆ కాపీ ఒక్కటి పంపండి, చాలు. ఉత్తరం అక్కర్లేదు,” అన్నాను.

ఆ వారంలోనే కవరు వచ్చింది. అందులో టాక్స్ కాపీ తప్ప ఒక్క ముక్క కూడా లేదు. డిపెండెంట్ల వరసలో సుధ పేరు లేదు. చివరి పేజీలో సంతకం పక్కన వృత్తి అనే గడి ఉంటుంది. అందులో ఆయన ఇంజనీరు అని రాసుకోలేదు. ఉద్యోగం లేదు అని పెద్ద అక్షరాలతో, పెన్ను గట్టిగా నొక్కి రాశాడు.

కమిటీలో ముగ్గురూ కాపీ చూసి, జీతం స్లిప్పులతో పోల్చుకుని, సుధను స్థానికురాలిగా ఒప్పుకున్నారు. గడువుకు రెండు రోజుల ముందు ఆమె ఫీజు కట్టింది. తండ్రికి ఆఫీసు తరఫున ఒక వాక్యం జవాబు పంపాను: మీరు పంపిన పత్రం సరిపోయింది.

మరుసటి ఏడాది దరఖాస్తు నుంచి తల్లిదండ్రుల ఉత్తరం తీయించాను, దాని బదులు టాక్స్ కాపీ చేర్పించాను. మనిషి మన ముందు చెప్పుకోలేని నిజాన్ని చాలాసార్లు ఇంకో కాగితం మీద అప్పటికే రాసి ఉంటాడు. ఆ కాగితం ఏదో కనుక్కుని అడగడమే ఆఫీసరు పని. ఆయన చేత అదే నిజాన్ని మళ్ళీ రాయించడం కాదు.