బసవపున్నారావు నాటకం రుచి చూసిన సాయంత్రం

మామిడి గురించి పత్రికల్లో వచ్చిన ప్రతి వార్తనూ నేను కత్తిరించి దాచుకున్నాను. అందులో ఎగుమతిదారుల ఫొటోలున్నాయి, పండ్ల ప్రదర్శన ప్రారంభించిన పెద్దల ఫొటోలున్నాయి, తేనెమంచు పురుగు ఫొటో అయితే రంగుల్లో ఉంది. కాయకు దెబ్బ తగలకుండా చెట్టు మీది నుంచి దించే మేస్త్రి ఫొటో ఒక్కటీ లేదు. పురుగుకు దక్కిన గౌరవం మనిషికి దక్కకపోవడం నాకు సహించరాని విషయం. అందుకే మా రెడ్డిగూడెం మేస్త్రి బసవపున్నారావును గురించి నేనే రాస్తున్నాను.

అతను కోత ముఠాకు పెద్ద. మగవాళ్లు చిక్కం కట్టిన గెడలతో కాయ దించుతారు. ఆడవాళ్లు సొన తుడిచి, సైజుల వారీగా ఏరి, పెట్టెలకెత్తుతారు. ముఠాకూ మేస్త్రికీ మధ్య రాతకోతలేవీ ఉండవు. ఈ పద్ధతిని నేను అనేక పర్యాయాలు ఆక్షేపించాను. ఉన్నదల్లా ఒక ఆనవాయితీ. కోతలు ముగిశాక మేస్త్రి తన ఖర్చుతో ముఠాను ఏదో ఒక ఊరు తిప్పి తీసుకురావాలి. ఆ ప్రయాణం నచ్చితే మరుసటి ఏడు కూడా అతని దగ్గరే పని. నచ్చకపోతే ఎవరూ తగవు పడరు. వేసవి వచ్చేసరికి మరో మేస్త్రి వెంట కనిపిస్తారు.

ఈ ఏడు చాట్రాయి మేస్త్రి పోతురాజు తన ముఠాను విశాఖపట్నం సముద్రానికి తీసుకెళ్లి, ఆ ఫొటోలన్నీ సీతమ్మ ఫోనుకు పంపాడు. సీతమ్మ మా పున్నారావు ముఠాలో వయసుకు పెద్దది. ఆమె ఎటు నడిస్తే సగం ముఠా అటు నడుస్తుంది. ఈ సంగతి పోతురాజుకూ తెలుసు, పున్నారావుకూ తెలుసు.

“ఏటా కొండెక్కిస్తావు, లైన్లో నిలబెడతావు,” అందామె పున్నారావుతో. “సీజనంతా నిలబడే పనే కదా మేస్త్రీ మాది. ఈసారి కూర్చోబెట్టి నవ్వించు.”

“నవ్వించడం నావల్ల కాదక్కా.”

“నీవల్ల అవుద్దని ఎవరన్నారు? హైదరాబాదులో నాటకాలేస్తారంట, కడుపునొప్పొచ్చేలాగా. అక్కడికి తీసుకెళ్లు. కాదంటావా, పోతురాజు వచ్చే ఏడు కూడా సముద్రమే అంటున్నాడు.”

ఆ సాయంత్రమే పున్నారావు మా ఇంటికి వచ్చాడు.

“మాస్టారూ, ఏ నాటకానికి నవ్వొస్తదో మీరే చెప్పాలండి. తేడా వస్తే నా ముఠా ఉండదు.”

హైదరాబాదు ప్రదర్శనల ప్రకటనలకు నా దగ్గర విడిగా ఒక ఫైలు ఉంది. వేర్వేరు సంస్థలవారు, వేర్వేరు నాటకాలకు, ‘కడుపుబ్బ నవ్వించే’ అన్న ఒకే మాటను ఏ జంకూ లేకుండా వాడుకుంటున్నారు. ‘నవ్వు గ్యారంటీ’ అని అచ్చువేసినవారు ఆ పూచీ ఎవరిదో చెప్పరు. అటువంటి వాటిని పక్కకు తీసేయగా ఒకే భవనంలోని రెండు ప్రదర్శనలు మిగిలాయి. కింది హాల్లో ‘మామగారి మూడో పన్ను’ అనే నాటకం. పై హాల్లో ఒక యువకుడు మైకు పట్టుకుని ఒంటరిగా చెప్పే హాస్యం. నాటకమే చూడమన్నాను.

“మీరు చూశారాండీ?”

“లేదు. సమీక్ష చదివాను.”

“చదివితే నవ్వొచ్చిందాండీ?”

సమీక్షలు చదివి నవ్వే అలవాటు నాకు లేదని చెప్పాను.

“అయితే అక్కడికెళ్లి చూసి కొందాంలెండి,” అని లేచాడు.

సీతమ్మ నన్నూ ప్రయాణానికి రమ్మంది. “బాగోకపోతే తిట్టడానికి మనిషి కావాలి కదండీ మాస్టారూ,” అన్నదే ఆమె ఆహ్వానం. హనుమాన్ జంక్షన్‌లో మాట్లాడిన మినీ బస్సులో పొద్దున్నే బయలుదేరి, సాయంత్రానికి ఆ భవనం ముందు దిగాం.

టిక్కెట్ల బల్ల దగ్గర నాటక సంస్థ నిర్వాహకుడు సంతోష్ కుమార్ కాఫీ తాగుతూ కూర్చున్నాడు. పున్నారావు తువ్వాలు సర్దుకుని అడిగాడు.

“ముందు కొంచెం రుచి చూపిస్తారాండీ?”

“క్యాంటీన్ అటువైపండి.”

“క్యాంటీన్ది కాదండి, నాటకానిది. మా వైపు కాయ కోసి ముక్క చేతిలో పెట్టాకే బేరమండి. పెట్టె మీద బొమ్మ చూసి ఎవరూ కొనరు.”

“ఇలా ఎవరూ అడగలేదు సార్.”

“అడక్కపోబట్టే పుల్లకాయ అంటగడతారండి.”

నేను కల్పించుకున్నాను. టిక్కెట్టు వెనక ‘డబ్బు వాపసు ఇవ్వబడదు’ అని భూతద్దం పెడితే తప్ప కనిపించని అక్షరాల్లో అచ్చువేసినవారు, ముందుగా సరుకు చూపించడమే న్యాయమని వివరంగా చెప్పాను. అతను న్యాయానికి తలొగ్గాడో, వాకిట్లో నిలబడ్డ మా ముఠాను చూసి లోపలి ఖాళీ కుర్చీలను తలచుకున్నాడో చెప్పలేను. మొత్తానికి మామగారి వేషధారిని బయటికి పిలిపించాడు.

ఆయన ఒకవైపు మీసం అంటించుకుని, రెండోవైపుది వేళ్ల మధ్య పట్టుకుని వచ్చాడు. విషయం విని ముందు బిత్తరపోయినా, వెంటనే పన్ను పీకుడు ఘట్టం అందుకున్నాడు. మామగారు పంటికి దారం కట్టి, రెండో కొస తలుపుకు ముడివేశాడు. ఇక తలుపు ఎవరు లాగుతారోనని హడలిపోతూ, వచ్చిన ప్రతివాడికీ ‘ఇంట్లో ఎవరూ లేరు’ అని లోపలి నుంచి తానే జవాబు చెబుతున్నాడు. నేను కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకోవలసి వచ్చింది.

“మాస్టారూ, చెడగొట్టకండి,” అని సీతమ్మ నన్ను గద్దించింది.

తిరిగి చూద్దును కదా, ముఠా ముఖాలన్నీ కడిగి బోర్లించిన గిన్నెల్లా ఉన్నాయి. ఆయన గొంతు పెంచాడు. నేల మీద దొర్లాడు. అప్పులవాడిలా, పాలవాడిలా, అత్తగారిలా తలుపు కొట్టాడు. సీతమ్మ కొంగు అడ్డం పెట్టుకుని దగ్గింది. చిక్కం గెడ పట్టే రమేష్ గోడవైపు తిరిగి నిలబడ్డాడు. అంతకుమించి చలనం లేదు.

“ఎలా ఉందమ్మా?” అని ఆయన సీతమ్మనే అడిగాడు.

“పుల్లగా ఉంది,” అంది సీతమ్మ. “పీచు కూడా ఎక్కువే.”

“పైన రంగే గానీ లోపలంతా టెంకే,” అని వెనక నుంచి ఇంకెవరో అన్నారు.

ఆయన వేళ్ల మధ్య మీసం జారి నేల మీద పడింది. పున్నారావు ముఖం అంతకంటే కిందికి జారింది. విశాఖపట్నం సముద్రం అతని కళ్లముందు పోటెత్తి ఉంటుంది. “మేడ మీదకి పదండి,” అన్నాడు నీరసంగా.

మేడ మీది యువకుడు జిమ్ము గురించి, ఫ్లాటు అద్దె గురించి, ఫోనులో పెళ్లికూతుళ్లను వెతుక్కోవడం గురించి సగం ఇంగ్లీషులో చెప్పాడు. రెండు భాషల్లో ఒక్కటైనా పూర్తిగా వాడకపోవడం బాధ్యతారాహిత్యమని నా అభిప్రాయం. మధ్యలో మా వరస దగ్గరికి వచ్చి, “ఎక్కడ్నుంచి ఆంటీ? అక్కడ వైఫై వస్తుందా?” అని సీతమ్మను అడిగాడు.

“వస్తదయ్యా. నీకు పాస్‌వర్డ్ కావాలా?” అంది ఆమె. ఆ సాయంత్రం ఆ హాలు నిజంగా నవ్వింది అప్పుడే. మా ముఠా మాత్రం నవ్వలేదు.

కిందికి దిగి మెట్ల దగ్గర నిలబడ్డాక సీతమ్మ పున్నారావును నిలదీసింది.

“కిందాయన్ని ఎందుకు వదిలేశావు మేస్త్రీ? అంత బాగా చేస్తుంటే.”

“నువ్వే కదక్కా పుల్లగా ఉందన్నావు.”

“అమ్మేవాడి ముందు తియ్యగా ఉందని ఎవరన్నా అంటారా? నువ్వు నేర్పిందేగా.”

అప్పుడు నాకు సంగతి అర్థమైంది. పున్నారావు ఏటా చిన్న తోటలు కొన్ని కాపు మీద తానే గుత్తకు తీసుకుంటాడు. తోట యజమాని కోసి ఇచ్చిన ముక్క పంచదార పాకంలా ఉన్నా సరే, ముఠా ముఖం చిట్లించి వంకలు పెట్టాలి. అప్పుడే ధర దిగుతుంది. ఆ పాఠం చెప్పినవాడు ముఠా పోతుందన్న భయంలో దాన్నే మరిచిపోయాడు.

“అది తోటలోనక్కా. టిక్కెట్టుకి బేరం ఉండదు.”

“మాకేం తెలుసు? నువ్వు రుచి అడిగావు, మేం వంక పెట్టాం. ఈ రమేష్ నవ్వాపుకోలేక చొక్కా కాలరు కొరికేసుకున్నాడు.”

సరిగ్గా అప్పుడు కింది హాలు తలుపు తీసుకుని మామగారి వేషధారి సంచితో బయటికి వచ్చాడు. మమ్మల్ని చూడగానే వచ్చిన దారినే వెనక్కి తిరగబోయాడు. అంతసేపు దిగమింగుకున్న నవ్వంతా ముఠాలో ఒక్కసారిగా పగిలింది. రమేష్ గోడ పట్టుకున్నాడు. సీతమ్మ మెట్ల మీద కూలబడింది.

“ఇప్పుడెందుకు నవ్వుతున్నారండీ?” అని ఆయన భయంగా అడిగాడు.

“బేరం అయిపోయింది కదండీ,” అంది సీతమ్మ నవ్వుతూనే.

పున్నారావు చేతులు జోడించి జరిగింది చెప్పాడు. ఆయన పెద్ద ఊపిరి వదిలాడు. “మీ దెబ్బకి ఇవాళ స్టేజి మీద ఉన్న ఒక్క పన్నూ రెండుసార్లు పీకించుకున్నానండి. ఏ డైలాగు ఎక్కడ చెప్పానో నాకే తెలీదు.” ఆ తర్వాత సంచి కింద పెట్టి, మా మినీ బస్సు తలుపుకు దారం కట్టమన్నాడు. ముఠా అంతా మెట్ల మీద కూర్చుంది. పన్ను పీకుడు మొదటి నుంచీ మళ్లీ జరిగింది. ఈసారి వంక పెట్టినవారు లేరు.

బస్సు ఊరు దాటుతుండగా సీతమ్మ ఫోను మోగింది. పోతురాజు. సీజనుకు మాట ఇప్పుడే ఇచ్చేయమంటున్నాడు. ముందు సీట్లో పున్నారావు కదలకుండా వింటున్నాడు.

“మేం రాంలే తమ్ముడూ,” అంది ఆమె. “నీ సముద్రం ఎక్కడికీ పోదు. ఈయన్ని ఒంటరిగా వదిలితే వచ్చే ఏడు ఏ వేపతోపో గుత్తకి తీసుకుంటాడు.”

పున్నారావు వెనక్కి తిరగలేదు. దారిలో మంచి టీ కొట్టు కనపడితే ఆపమని డ్రైవరుకు చెప్పాడు.