కడిగిన రాయి

బుల్లబ్బాయి బోరు వేస్తే నీళ్లు అద్దంలా వస్తాయని మండపేట చుట్టుపక్కల ఊళ్లలో ఇప్పటికీ చెప్పుకుంటారు. మనిషి పోయి రెండేళ్లు కావస్తోంది, మాట మాత్రం మిగిలింది. మిగతా మేస్త్రీలు గొట్టం దించి, నాలుగు బిందెల నీళ్లు పడగానే సామాను సర్దుకునేవారు. అతను ఆగేవాడు కాదు. డెల్టా నేలలో ఎక్కడ దింపినా బంక, బురద, సన్న ఇసుక. అన్నిటినీ కడిగి కడిగి, చివరికి వచ్చిన నీటిని దోసిట్లో పట్టి, అరచేతి గీతలు కనబడితేనే "ఆయ్, ఇప్పుడైందండి" అనేవాడు. పక్కన నిలబడ్డ రైతు ఎంత విసుక్కున్నా అంతే. మట్టితో అతనికి ముప్పయ్యేళ్ల వైరం.

యాభై దాటాక అతను కొండల పనికి వెళ్లాడు. రాజమండ్రిలో మురళీకృష్ణ అనే కాంట్రాక్టరు రాతిలో డ్రిల్లింగు చేసే మిషను కొని, చెయ్యి తిరిగిన మనిషి కోసం వెతుకుతూ ఇతన్ని పట్టుకున్నాడు. బోరులో నీళ్లు కావాలి, ఇక్కడ రాయే కావాలి. గొట్టంలో ఇరుక్కుని పైకొచ్చే రాతికడ్డీని కోర్ అంటారు. ఏ ముక్క ఎంత లోతులో దొరికిందో రాసి, చెక్కపెట్టెలో వరసగా పేర్చాలి. కొండ కడుపులో ఏముందో ఇంజనీర్లు ఆ పెట్టె చూసే తెలుసుకుంటారు.

బుల్లబ్బాయి పెట్టెలు చూడముచ్చటగా ఉండేవి. ఇంట్లో అతని భార్య చిన్నమ్మాయి ఇత్తడి బిందెలు తోమినట్టే అతను ప్రతి ముక్కనూ కొబ్బరిపీచుతో తోమేవాడు. విరిగిన ముక్కలను అంచుకు అంచు కలిపి, సందు లేకుండా జరిపేవాడు. మురళీకృష్ణ ఆ పెట్టెలకు ఫొటోలు తీసి కనబడిన వాళ్లందరికీ పంపేవాడు.

మారేడుమిల్లి దాటాక ఘాట్ రోడ్డులో ఒక మలుపు ఉంది. అక్కడ బస్సు ఆగుతుంది. పక్కనే లోవమ్మ టిఫిను కొట్టు, దాని వెనక పదీ పన్నెండు ఇళ్లు, వాటి నెత్తిన నిటారుగా కొండ. ఆ కొండ వాలు నిలుస్తుందో జారుతుందో తేల్చే పని హారతిది. ఇంజనీరింగు కాలేజీలో రాతివాలుల మీద పరిశోధన చేస్తున్న అమ్మాయి. కొండ పైన నేలలో బీట కనిపిస్తే అటొకటి ఇటొకటి ఇనప మేకులు కొట్టి, వారం వారం టేపుతో కొలిచింది. వానలు వెళ్లేసరికి మేకుల మధ్య దూరం వేలెడు పెరిగింది. కదిలింది కొండా, పైమట్టా? అది తేలడానికే డ్రిల్లింగు. కొండ గట్టిదంటే రోడ్డువాళ్లు ఇనప వల కప్పి ఊరుకుంటారు. కాదంటే వేసవిలోనే ఇళ్లు ఖాళీ చేయించి, వాలును మెట్లు మెట్లుగా కోస్తారు.

అలా బుల్లబ్బాయి ఆ మలుపులో నెల రోజులున్నాడు. భోజనం లోవమ్మ కొట్లోనే.

"ఏవండీ, రాళ్లనలా తోముతున్నారు, పెళ్లిచూపులకా?" అనేది లోవమ్మ.

"ఆయ్. మంచి సంబంధం ఉంటే చెప్పు."

"మా కొండకి మీ మండపేట సంబంధాలొద్దు బాబూ, అసలే మెత్తటోళ్లు!"

పదకొండో మీటరు దగ్గర ఒక ఉదయం, బరువు దిగినట్టు రాడ్డు ఒక్కసారి కిందికి జారింది. రెండు వేళ్లంత, అంతే. పైకొచ్చే నీళ్లు పాలలా తెల్లబడ్డాయి. ఆ రోజు హారతి పరీక్షల డ్యూటీకి కాలేజీకి వెళ్లింది. అతను పంపు జోరు పెంచి, నీళ్లు తేటపడేదాకా కడిగాడు. ముక్కల చివర అంటుకున్న తెల్లసుద్దను పీచుతో తోమేశాడు. కాగితంలో నీటి రంగు రాయాల్సిన గడిలో "తేట" అని రాశాడు. అబద్ధమాడానని అతనికి తోచలేదు. చివరికి వచ్చింది తేటనీరే కదా.

పని అయిపోయి పెట్టెలు రాజమండ్రి షెడ్డుకు చేరాక హారతి వచ్చింది. బిళ్లల్లాంటి రెండు పొట్టి ముక్కలను పలక మీద ఒకదానిపై ఒకటి పెట్టి, పలకను ఒక పక్క మెల్లగా ఎత్తింది.

"చూడండి బుల్లబ్బాయి గారూ, ఇంత ఎత్తినా జారట్లేదు. గరుకు గరుకుని పట్టుకుంది."

"మరి జారాలంటే ఏం కావాలమ్మా?"

"మధ్యలో సుద్ద పొర. రెండు వేళ్ల మందమున్నా చాలండి. వాన నీళ్లు దిగితే పైనున్న రాయంతా దాని మీద జారిపోద్ది. వానలో మీ చేలగట్ల మీద కాలు జారదూ, అలాగ." ఆమె పలక దించి నవ్వింది. "కానీ మీ పెట్టెలో సుద్ద మచ్చ కూడా లేదుగా. ఇంత శుభ్రమైన కోర్ నేనెక్కడా చూళ్లేదు. నా మేకులే తప్పు, మెత్తటి మట్టిలో కొట్టినట్టున్నాను. సోమవారం రిపోర్టు ఇచ్చేస్తా."

అతను "ఆయ్" అన్నాడు.

ఇంటికొచ్చి కంచం ముందు కూర్చున్నాడు గాని ముద్ద దిగలేదు.

"ఏంటండీ, పులుసులో ఉప్పెక్కువైందా?" అంది చిన్నమ్మాయి.

"కడిగేశానే."

"ఏంటి కడిగింది?"

చెప్పాడు. రాడ్డు జారడం, తెల్లనీళ్లు, పీచు, అన్నీ. ఆమె గరిటె పట్టుకుని అలాగే వింది.

"ఇప్పుడు చెప్తే ఏమవుద్ది?"

"పని పోద్ది. పేరూ పోద్ది. బుల్లబ్బాయికి సుద్దకీ మురిక్కీ తేడా తెలీదంటారు."

"చెప్పకపోతే?"

అతను మజ్జిగ గ్లాసు వైపు చూస్తూ, "ఆ మలుపులో ఇరవైమంది దాకా చిన్నపిల్లలున్నారే" అన్నాడు.

"మరింకేంటి? పేరుదేముందండీ! మా నాన్న పెట్టిన పేరు చూడండి, ఇద్దరు మనవలొచ్చినా చిన్నమ్మాయినే. బతకట్లేదా?"

పొద్దున్నే మురళీకృష్ణకు ఫోను చేస్తే అతను మండిపడ్డాడు. "నీకేమన్నా మతిపోయిందా? మిషను తుని పంపేశాను. రెండు వేళ్ల మట్టికి ఇంత గోలేంటి? నోరు జారావంటే నీ చేతికి ఇంకెవడూ మిషను ఇవ్వడు."

"ఇవ్వకపోతే పోన్లెండి సార్. ముందు హారతి గారికి చెప్పనివ్వండి."

ఆదివారమైనా హారతి కాలేజీ ల్యాబులోనే ఉంది. బుల్లబ్బాయి నమస్కారం పెట్టి, కాలవగట్టున తీసిన బంకమట్టి ముద్దను సంచిలోంచి బయటపెట్టాడు. ఆమె షెడ్డు నుంచి తెచ్చుకున్న ఆ రెండు పొట్టి ముక్కలు అడిగి తీసుకుని, మధ్యన తడిమట్టి పూసి, పలకను ఎత్తాడు. జానెడు ఎత్తకుండానే పైముక్క జారి బల్ల మీద పడింది.

"పదకొండో మీటరులో ఇలాంటిదే ఉందమ్మా, తెల్లది. నేనే కడిగేశాను."

ఆమె ముఖం ఎర్రబడింది. "నెల రోజులండీ! నెల రోజులుగా మీరు రాసిన కాగితాల మీదే లెక్కలు కడుతున్నా. కాగితంలో తేట అని రాశారు కదండీ?"

"ఆయ్. నేనే రాశాను." ఆమె పుస్తకం తీసి, "ఎంత మందం?" అంది.

"రెండు వేళ్లు."

"ఎవరివి?"

అతను చెయ్యి చాపాడు. ఆమె ఆ వేళ్లకు స్కేలు ఆనించి కొలిచి, పుస్తకంలో రాసుకుంది. తర్వాత, పోట్లాట ముగిసినట్టుగా, కుర్చీ జరిపి కూర్చోమంది.

కాలేజీ ఉత్తరం వెళ్లాక మురళీకృష్ణ గొణుక్కుంటూనే మిషను వెనక్కి పంపాడు. డ్రిల్లింగు బుల్లబ్బాయే చెయ్యాలని హారతి పట్టుబట్టింది. "ఎక్కడ జారిందో తెలిసిన చెయ్యి ఆయనదే" అంది. పాత రంధ్రానికి బారెడు దూరంలో మొదలుపెట్టారు. నీళ్లు సన్నధారగా వదిలి, ఒక్కోసారి జానెడు మాత్రమే దించుతూ, రోజుకు రెండు మీటర్లు. పదకొండో మీటరులో రాడ్డు జారబోయిందని చెయ్యి చెప్పగానే నీళ్లు పూర్తిగా కట్టేశాడు.

గొట్టంలోంచి రాతిముక్కల మధ్య వెన్నలాంటి తెల్లసుద్ద వచ్చింది. పక్కనే పీచు ఉంది. అతను చేతులు రెండూ వెనక్కి కట్టుకున్నాడు. హారతి చాకుతో పొరను మెల్లగా విడదీసింది. లోపలి ముఖం నున్నగా మెరుస్తోంది, దాని మీద ఒకే దిక్కుకు గోళ్లతో గీసినట్టు గీతలు.

"కొండ ఇదివరకే కొంచెం జారిందండి," అంది మెల్లగా. "ఆ గీతలు అవే. నా మేకులు చెప్పింది నిజమే."

అతను తడిగుడ్డ తెచ్చి, పురిటిబిడ్డను చుట్టినట్టు ఆ ముక్కను చుట్టి పెట్టెలో పెట్టాడు.

ఉగాది దాటాక ఇళ్లు ఖాళీ చేయించారు. లోవమ్మ కొట్టు రెండు మైళ్ల అవతలికి పోయింది. "మీకు పెట్టిన అట్లకి బదులు తీర్చుకున్నారండీ! రెండు వేళ్ల మట్టికి నా బతుకు ఎత్తించారు" అని ఆవిడ రోడ్డు మీదే దులిపేసింది. అతను ఆవిడ రుబ్బురోలు భుజానికెత్తి లారీలో పెట్టాడు. వేసవంతా కొండను మెట్లుగా కోశారు. కొండ పడలేదు. పడలేదు గనకే, అంత హడావుడి దేనికని నవ్వినవాళ్లూ ఉన్నారు. మురళీకృష్ణ మళ్లీ పిలవలేదు. బుల్లబ్బాయి మండపేటలో బోర్లు వేసుకుంటూ ఆ నవ్వులన్నీ విన్నాడు.

ఆ ఏడు చివర్లో హారతి రమ్మంటే కాలేజీకి వెళ్లాడు. ల్యాబులో కోర్ పెట్టెలకు కొత్త అరలు కట్టించారు.

"పదకొండో మీటరుది, మొదటిసారి తీసిన పెట్టె పారేయిస్తానండి. అది చూస్తే మీకే బాధ" అంది ఆమె.

"వద్దమ్మా. అదీ, రెండోసారి తీసిందీ పక్కపక్కనే పెట్టించండి. చదువుకునే పిల్లలొస్తారు గదా, చూస్తారు."

"అయితే మీ పేరు రెండో దానిమీదే రాస్తా."

ఆమె మార్కరు మూత తీసింది. అతను మర్యాదగా దాన్ని ఆమె చేతిలోంచి తీసుకుని, మోకాళ్ల మీద కూర్చుని, కడిగిన రాళ్లున్న మొదటి పెట్టె మీద పెద్ద అక్షరాలతో ఇంటిపేరుతో సహా రాశాడు: డ్రిల్లరు, గుత్తుల బుల్లబ్బాయి, మండపేట. తర్వాతే రెండో పెట్టె దగ్గరకు జరిగాడు.